వక్తయుఁ బ్రమాణమును: జార్జి వైట్‌ఫీల్డు చరిత్రము

మహావక్తలను గౌరవించుట సర్వమతములయందును గల యాచారము. అది దోషము కాదు. ఉపకారము పొంది స్మరింపనివాఁడు కృతఘ్నుఁ డనిపించుకొనును. కాని గౌరవ మెచ్చట ముగియునో, ఆరాధన మెచ్చట మొదలగునో గుర్తించుట సులభము కాదు. రెండింటికిని బాహ్యచిహ్నము లొక్కటియే: స్తుతి, స్మరణము, జయంతి, విగ్రహము. భేద మంతయు నంతరంగమున నున్నది. న్యాయశాస్త్రకర్తలు శబ్దప్రమాణమును నిరూపించుచు ఆప్తుని యుపదేశము ప్రమాణ మనిరి గాని ఆప్తుఁడే ప్రమాణ మనలేదు. విషయమును యథార్థముగ నెఱిఁగి, యెఱిఁగినదానిని యథార్థముగఁ దెలుపఁ గోరువాఁ డాప్తుఁడు. ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమని వాత్స్యాయనుఁడు భాష్యమునఁ జెప్పెను. దీనివలన నొక సంగతి తేలుచున్నది. ఆప్తత్వము పుట్టుకనుబట్టిగాని కీర్తినిబట్టిగాని వచ్చునది కాదు. విషయజ్ఞానమును బట్టి వచ్చునది. కావున నొక విషయమున నాప్తుఁడైనవాఁడు వేఱొక విషయమున ననాప్తుఁడు కావచ్చును. ఈ భేదమును మఱచి, యొకచోట నమ్మఁదగినవానిని ఎల్లయెడలను నమ్ముటయే గౌరవము ఆరాధనముగా మాఱు స్థానము.

ఈ విషయమును బరిశీలించుటకుఁ బదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు, అమెరికా దేశములయందుఁ బ్రఖ్యాతుఁడైన క్రైస్తవవక్త జార్జి వైట్‌ఫీల్డు చరిత్రము మిక్కిలి తగియున్నది. ఇతని గుణములు సామాన్యములు కావు. దోషమును సామాన్యము కాదు. ఇతనిని మెచ్చినవారు పెక్కురు, కొలిచినవారు పెక్కురు, తిట్టినవారు పెక్కురు. తూఁచినవారు కొందఱే.

క్రైస్తవమతమునకు వక్తృపూజను గూర్చిన యెచ్చరిక క్రొత్తది కాదు, మూలగ్రంథములలోనే కలదు. అపొస్తలుల కార్యముల గ్రంథమున లుస్త్ర యను పట్టణపు కథ యున్నది. అచ్చట పౌలు ఒక కుంటివానిని నడిపింపఁగా జనులు దేవతలే మనుష్యరూపమున దిగివచ్చి రని తలఁచి, బర్నబాను ద్యుపతి యనియు, ముఖ్యవక్త యగుటచేఁ బౌలును హెర్మే యనియుఁ బిలిచి, ఎద్దులను బూదండలను దెచ్చి బలి యర్పింపఁబోయిరి. గ్రీకుల జ్యూసు దేవతను దెలుఁగు బైబిలు ‘ద్యుపతి’ యని పేర్కొనుట ఇచ్చట గమనింపఁదగినది. ఆ గ్రీకు నామమును వేదమందలి ‘ద్యౌః’ అను పదమును ఒకే ధాతువునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞుల మతము. ఆ బలిని జూచి యపొస్తలులిరువురును వస్త్రములు చించుకొని, తామును ఆ జనులవంటి మనుష్యులమే యని మొఱపెట్టిరి. కథ యంతటితో ముగియలేదు. కొలఁదికాలమునకే వెలుపలినుండి వచ్చినవారి ప్రేరణచే ఆ జనసమూహమే పౌలును రాళ్లతోఁ గొట్టి, చచ్చెనని తలఁచి యూరి వెలుపలి కీడ్చెను. దండలు తెచ్చిన చేతులే రాళ్లు తెచ్చెను. మనుష్యుని దేవుఁడనుకొన్నవారికి, వాఁడు దేవుఁడు కాఁడని తెలిసిననాఁడు మనుష్యుఁడుగానైనను మిగులఁడు.

రెండవది కొరింథు కథ. క్రీ. శ. 54 ప్రాంతమున పౌలు ఆ సంఘమునకు వ్రాసిన లేఖవలన, అచ్చటివారు పౌలు పక్షమనియు, అపొల్లో పక్షమనియు, కేఫా పక్షమనియు చీలిపోయిరని తెలియుచున్నది. అపొల్లో అలెక్సంద్రియవాఁడు, విద్వాంసుఁడు, వాక్పటుత్వము కలవాఁడు. పౌలు అతనిని దక్కువచేసి వ్రాయలేదు. తన్నుఁ దాను హెచ్చించుకొనలేదు. ఒకఁడు నాటెను, మఱియొకఁడు నీరు పోసెను, వృద్ధి మాత్రము వారిరువురిది కాదను నర్థమునఁ జెప్పి, ఇరువురకును సేవకులను పేరే పెట్టెను. నాటుటయు నీరు పోయుటయు నిజమైన పనులే. వానిని మెచ్చుకొనవచ్చును. కాని పైరు నాటినవాని సొమ్ము కాదు. ఈ దృష్టాంతము మనసునం దుంచుకొని వైట్‌ఫీల్డు చరిత్రమును జూడవలయును.

ఇతఁడు 1714 డిసెంబరున గ్లాస్టరు పట్టణమున ‘బెల్’ అను పూటకూళ్ల యింట జన్మించెను. రెండేండ్లప్పుడే తండ్రి గతించెను. తల్లి యా పూటకూళ్ల యిల్లు నడిపి పోషించెను. 1732 లో ఆక్స్‌ఫర్డు పెంబ్రోకు కళాశాలలో ధనికవిద్యార్థులకు పరిచర్య చేయుచుఁ జదువుకొను షరతుమీఁదఁ జేరెను. అచ్చట జాన్ వెస్లీ, చార్లెసు వెస్లీ యను సోదరులతో మైత్రి కలిగెను. 1736 లో ఆంగ్లసంఘమున ప్రథమాభిషేకమును, 1739 జనవరిలో పూర్ణాభిషేకమును బొందెను. ఆ మధ్య 1738 లో మొదటిసారి జార్జియాకుఁ బోయి వచ్చెను. 1739 ఫిబ్రవరి 17 వ తేదిని బ్రిస్టలు సమీపమునఁ గింగ్స్‌వుడ్డు బొగ్గుగనుల కూలివారికి ఆరుబయట నిలువఁబడి బోధించెను. చర్చి గడప త్రొక్కని యా జనులయొద్దకు బోధకుఁడే పోవుట నాఁటికి వింత. మొదటి దినమున సుమారు రెండువందలమంది, పిమ్మట వేలకొలఁది జనులు చేరిరి. బొగ్గుపొడిచే నల్లనైన వారి చెక్కిళ్లపైఁ గన్నీరు తెల్లని చాళ్లు తీసెనని యతని వర్ణన మిప్పటికిని బ్రసిద్ధము.

అతని కంఠధ్వనిని గూర్చి నమ్మఁదగిన సాక్ష్యము బెంజమిను ఫ్రాంక్లిను స్వీయచరిత్రమునఁ గలదు. వైట్‌ఫీల్డు 1739 లో ఫిలడెల్ఫియాకు వచ్చినది మొదలు వారిరువురకు నెఱుక. ఒకనాఁడు వైట్‌ఫీల్డు న్యాయసభామందిరపు మెట్లపైనుండి ప్రసంగించుచుండఁగా, ఫ్రాంక్లిను మాటలు వినఁబడునంతదూరము వెనుకకు నడచి, ఆ దూరమును వ్యాసార్ధముగాఁ గొని యర్ధవృత్తమును గణించి, ఒక్కొక్కనికి రెండు చదరపుటడుగుల చోటు లెక్కగట్టి, ముప్పదివేలకు మించినజనులు వినఁగలరని తేల్చెను. ప్రాచీనసేనానులు సేనల నుద్దేశించి ప్రసంగించిరను కథల నంతవఱకు సందేహించినవాఁడు అప్పుడు నమ్మెనఁట. వక్తను జూచి పరవశులైనవారి నడుమ నొకఁడు అడుగులు లెక్కించుచు నడచుట గమనింపఁదగినది. అది యవమానము కాదు. కొలిచిన పిమ్మట అతని యాశ్చర్యము పెరిగినదే కాని తగ్గలేదు.

ఫ్రాంక్లిను చెప్పిన మఱియొక సంగతియుఁ గలదు. వైట్‌ఫీల్డు జార్జియాలో ననాథాశ్రమము కట్టఁ దలఁచి చందాలు పోగుచేయుచుండెను. పనివారును సామగ్రియు లేని యాచోట కట్టుటకంటె ఫిలడెల్ఫియాలోఁ గట్టి పిల్లల నిచ్చటికిఁ దెచ్చుట మేలని ఫ్రాంక్లిను సలహా యిచ్చెను. వైట్‌ఫీల్డు వినలేదు. ఫ్రాంక్లిను చందా యీయ ననెను. తరువాత నొకనాఁటి ప్రసంగమునకుఁ బోయి, ఏమియు నీయఁగూడదని నిశ్చయించుకొని కూర్చుండెను. జేబులో గుప్పెడు రాగినాణెములు, మూఁడు నాలుగు వెండివి, ఐదు బంగారువి యుండెను. ప్రసంగము సాగినకొలఁది మొదట రాగి యిత్త ననుకొనెను, పిమ్మట వెండి, తుదకు బంగారుతోఁ గూడ జేబంతయుఁ బళ్లెమునఁ గ్రుమ్మరించెను. అయినను ఆశ్రమస్థలమును గూర్చిన తన యభిప్రాయమును మార్చుకొన్నట్లు వ్రాయలేదు. వక్తృత్వమునకు జేబు లొంగెను, తర్కము లొంగలేదు. ఫ్రాంక్లిను వైట్‌ఫీల్డు మతబోధ నంగీకరించినవాఁడు కాఁడు. తన పరివర్తనమునకై యతఁడు ప్రార్థించుచుండెడివాఁ డనియు, ఆ ప్రార్థన ఫలించెనను తృప్తి యతనికిఁ గలుగలేదనియు హాస్యముగ వ్రాసెను. ఐనను అతని ప్రసంగములను దినచర్యలను ముద్రించెను, తన యింట నాతిథ్య మిచ్చెను, అతని నిజాయితీని గూర్చి యపవాదులు పుట్టినపుడు గట్టిగ ఖండించెను. మెచ్చుకొనుటకు శిష్యుఁడు కానక్కఱలేదని యీ స్నేహము చూపుచున్నది.

1740 అక్టోబరున బోస్టను నగరపు మైదానమున వైట్‌ఫీల్డు చేసిన వీడ్కోలు ప్రసంగమునకు ఇరువదివేలకుఁ బైగా జనులు వచ్చిరని నాఁటి యంచనా. ఆ నగరపు జనసంఖ్యయే అంతకంటెఁ దక్కువ. యావజ్జీవమున నతఁడు పదుమూఁడుమాఱులు అట్లాంటికు సముద్రమును దాఁటెను. పదునెనిమిదివేల ప్రసంగములు చేసెనని లెక్కింతురు. ఇంతటి కీర్తి కంఠమువలననే కలుగలేదు. అతని మిత్రుఁడు విలియం స్యూవర్డు పత్రికలలో ముందుగాఁ బ్రకటనలు వేయించెడివాఁడు. వైట్‌ఫీల్డు తన దినచర్యను దానే ప్రచురించెను. 1991 లో హారీ స్టౌటు అను చరిత్రకారుఁడు వ్రాసిన గ్రంథమున, నాటకకళయు ముద్రణయు ఆ కీర్తి కెట్లు తోడ్పడెనో విపులముగఁ బ్రతిపాదించెను. ఇది నిందగాఁ దీసికొనవలసినది కాదు. కాని కీర్తికిఁ గొంత యంత్రాంగ ముండునని తెలిసినవాఁడు కీర్తినే పవిత్రతకు గుర్తుగా నెంచఁడు.

నింద లేకపోలేదు. బాల్యమున వచ్చిన తట్టుజబ్బుచే నతని కొక కన్ను మెల్ల యయ్యెను. 1760 లో శామ్యూలు ఫూటు అను నటుఁడు దానిని హాస్యాస్పదముగఁ జేసి నాటక మాడెను. ఇట్టి పరిహాసములు మఱవఁదగినవి. మఱవరానివి, కారణముతోఁ గూడిన విమర్శలు. వైట్‌ఫీల్డు యౌవనమున నితర బోధకులలోఁ బెక్కురు నిజమైన విశ్వాసము లేనివారని బహిరంగముగఁ బలికెను. హార్వర్డు, యేలు విద్యాలయములందు వెలుఁగు చీఁకటి యయ్యెనని వ్రాసెను. 1744 లో హార్వర్డు ఆచార్యు లతనిపై నొక ఖండనపత్రమును బ్రకటించిరి. ఇచ్చట నతని గుణ మొకటి కనఁబడుచున్నది. కాలక్రమమున నతఁడు తాను తొందరపడితి ననియు, తన సొంత యావేశమును దైవప్రేరణ మని పొరపడితి ననియు నొప్పుకొనెను; 1756 లో దినచర్యను మరల ముద్రించునపుడు అట్టి వాక్యములను దీసివేసెను. 1764 లో హార్వర్డు గ్రంథాలయము తగులఁబడఁగా గ్రంథములు సంపాదించి పంపించుటకు యత్నించినవారిలో నితఁ డొకఁడు.

ఈ మార్పునకు ఇంటియందలి దుఃఖ మొకటి తోడ్పడెను. 1743 అక్టోబరున నతనికిఁ గుమారుఁడు పుట్టెను. ఈ శిశువు గొప్ప బోధకుఁ డగునని తనకు దైవసూచన కలిగెనని తండ్రి నమ్మి, దానిని సభలోఁ బ్రకటించెను. నాలుగు నెలలకే, 1744 ఫిబ్రవరిలో, ఆ శిశువు గ్లాస్టరులో తండ్రి పుట్టిన పూటకూళ్ల యింటనే మరణించెను. వైట్‌ఫీల్డు ఆ దుఃఖములో బోధ మానలేదు. తన మనసునఁ దోఁచిన దెల్ల దైవవాక్కు కాదని మాత్రము నేర్చుకొనెను. తన వాక్కునకు మితి యున్నదని వక్తయే యెఱిఁగిన పిమ్మట, ఆ మితిని దాఁటి నమ్మవలసిన పని శ్రోతల కేల?

వెస్లీతోడి వివాదమును ఇట్టిదే. మోక్షము కొందఱికి ముందుగనే నిర్ణయింపఁబడెనను మతము వైట్‌ఫీల్డుది. దైవకృప యందఱికిని దెఱచియున్న దనునది వెస్లీది. 1739 లో వెస్లీ తన మతమును బ్రసంగరూపమునఁ బ్రచురించెను. 1740 డిసెంబరు 24 వ తేదిని వైట్‌ఫీల్డు ప్రత్యుత్తరము వ్రాసెను. అనుచరులు రెండు పక్షములుగాఁ జీలిరి. కొరింథు కథ మరల నడచెను. నాయకులు మాత్రము కొంతకాలమునకు సమాధానపడిరి, మతభేదమును విడువలేదు. తన యుత్తరక్రియాప్రసంగమును వెస్లీ చేయవలెనని వైట్‌ఫీల్డు కోరెను. 1770 నవంబరున వెస్లీ యా కోరిక నెఱవేర్చెను.

ఇంతవఱకుఁ జెప్పిన దోషములు ఆతురత, పరుషోక్తి, భ్రమ మాత్రమే. ఇఁకఁ జెప్పవలసినది మనుష్యులను కొని యుంచుకొన్న సంగతి.

1740 లో వైట్‌ఫీల్డు మేరీలాండు, వర్జీనియా, ఉత్తర దక్షిణ కెరొలీనా వాసుల నుద్దేశించి యొక లేఖ ప్రకటించెను. కుక్కలను దగ్గఱకుఁ దీసి ముద్దుచేయు యజమానులు దాసులను పశువులకంటె హీనముగఁ జూచుచున్నారనియు, వారి క్రౌర్యము దైవకోపమునకుఁ బాత్రమనియు నందు నిర్భయముగ వ్రాసెను. ఆ కాలమున, ఆ ప్రాంతమున, ఇట్లు వ్రాయుట సాహసమే. దాసులకు మతబోధ నిషేధించువారిని గద్దించెను. నల్లవారికిని దెల్లవారికిని ఆత్మ యొకటే, పాప మొకటే, రక్షణ మొకటే యని బోధించెను. కాని క్రైస్తవుఁడు దాసులను గొనుట ధర్మమా కాదా యను ప్రశ్న వచ్చినచోట, దానిని నిర్ణయింప నని తప్పించుకొనెను. పరీక్షింపఁదగిన చోటు అదియే.

జార్జియా వలసరాజ్యమున 1735 నాఁటి శాసనముచే దాస్యము నిషేధింపఁబడియుండెను. 1740 లో వైట్‌ఫీల్డు సవన్నా నగరసమీపమున ‘బెతెస్దా’ అనాథాశ్రమమును స్థాపించెను. దాని వ్యయ మతనిని జీవితాంతము వెంటాడెను. 1747 లో దక్షిణ కెరొలీనాలోని మిత్రు లిచ్చిన ధనముతో నచ్చట నొక సేద్యపుభూమిని దాసులతోఁ గూడఁ గొని, దాని యాదాయముతో ననాథలను బోషింప నారంభించెను. పిమ్మట దాసులు లేక జార్జియా వర్ధిల్లదని ధర్మకర్తలకు వ్రాసెను. 1751 లో నిషేధము తొలఁగెను. ఆ సంవత్సరమే వ్రాసిన యొక లేఖలో నతఁడు సంతోషించి, అబ్రాహామునకు దాసులుండి రనియు, ఉష్ణదేశములు ఆఫ్రికావారు లేక సేద్యము కావనియు హేతువులు చూపెను. 1770 సెప్టెంబరు 30 వ తేదిని మాసచూసెట్సులోని న్యూబరీపోర్టునఁ జనిపోవునాఁటికి బెతెస్దాలో సుమారు ఏఁబదిమంది దాసులుండిరి. వారిని భూములతోపాటు హంటింగ్‌డను ప్రభ్వి సెలీనాకు మరణశాసనమున వ్రాసియిచ్చెను.

అతఁడు ధనలోభి కాఁడు. ఆ సొమ్ముతోఁ దాను భోగింపలేదు. అనాథల పొట్ట నింపెను. ఇందువలన దోషము తగ్గదు సరిగదా, మఱింత తెలిసికొనఁదగిన దగుచున్నది. తల్లిదండ్రులు లేని బిడ్డలకై, తల్లిదండ్రులనుండి వేఱుచేసి తెచ్చిన మనుష్యులను గొనుట ఆ దయాళువుకుఁ దప్పుగాఁ దోఁచలేదు. ధర్మకార్యమను పేరు, గొప్పవాఁడను పేరు, ఈ రెండును జేరి యొక యధర్మమునకుఁ దెర కట్టెను. అతని పేరుకే విలువ లేకున్నచో, ఆ వ్రాఁతలకు నంత బలము లేకపోవును. అనుచరుల భక్తి యిచ్చట నిరపాయమైన యలంకారము కాదు; అది త్రాసులో నొక తట్టను వంచిన బరువు.

దీనికిఁ గాలధర్మమని సమాధానము చెప్పువారు కలరు. ఆ సమాధానము కొంతవఱకే నిలుచును. 1688 లోనే పెన్సిల్వేనియాలోని జర్మనుటౌను వాసులు దాస్యమును ఖండించుచు విన్నపము వ్రాసిరి. 1739 లో జార్జియాలోనే డేరియను గ్రామపు స్కాట్లండువారును, ఎబెనెజరు గ్రామపు జర్మనులును నిషేధము నట్లే యుంచుమని కోరిరి. ఫిలడెల్ఫియాలో ఆంథొనీ బెనెజెట్టు అను బడిపంతులు 1750 మొదలుకొని నల్లవారి పిల్లలకుఁ దన యింటఁ జదువు చెప్పుచు, వారు బుద్ధియం దెవ్వరికిని దీసిపోరని సాక్ష్య మిచ్చుచుండెను. వీరందఱు నదే కాలమువారు, అదే గ్రంథమును జదివినవారు. కాలము కొందఱి కన్నులను మూసెననుట నిజమే. అందఱి కన్నులను మూయలేదు. వక్త యెఱుఁగనిదానిని బడిపంతు లెఱిఁగియుండెను. ఆ విషయమున నాప్తుఁడు ఆ పంతులే.

ఇఁక ఈ వక్తవలన మేలు పొందిన కొందఱి చరిత్రమును జూడవలెను. ఫిల్లిస్ వీట్లీ యను బాలిక 1761 లో ఏడెనిమిదేండ్ల ప్రాయమున ఆఫ్రికానుండి బోస్టనుకుఁ దేఁబడి యమ్మఁబడెను. ఆమె ఇంగ్లీషును లాటినును నేర్చి కవయిత్రి యయ్యెను. వైట్‌ఫీల్డు మరణించినపు డామె వ్రాసిన స్మృతికావ్యము 1770 లోఁ బ్రకటింపఁబడి యామెకుఁ గీర్తిని దెచ్చెను. అతని బోధలో ఆఫ్రికావారికిని బిలుపుండెనని యా కావ్యమున నామె ప్రత్యేకముగఁ జెప్పెను. 1773 లో లండనునఁ బ్రకటింపఁబడిన యామె కావ్యసంపుటి హంటింగ్‌డను ప్రభ్వికి, అనఁగా వైట్‌ఫీల్డు దాసులను వారసత్వముగఁ బొందిన యామెకే, యంకితము. వీట్లీ యా సంవత్సరమే దాస్యవిముక్త యయ్యెను. 1774 లో పత్రికలలోఁ బ్రకటింపఁబడిన యొక లేఖలో, స్వాతంత్ర్యప్రీతిని దైవమే ప్రతిమానవహృదయమున నాటెనను భావమును బ్రకటించెను. వక్త చెప్పినదానిని గ్రహించి, వక్త యాగినచోట నాగక ముందుకు సాగుట యనఁగా నిది.

ఒలౌడా ఈక్వియానో యను మఱియొకఁడు, దాస్యము ననుభవించి స్వేచ్ఛను సంపాదించినవాఁడు, 1789 నాఁటి స్వీయచరిత్రమున వైట్‌ఫీల్డు ప్రసంగమును విన్న సంగతి చెప్పెను. తాను దాసుఁడై సముద్రతీరమునఁ జెమటోడ్చినట్లు ఈ బోధకుఁడు చెమటోడ్చుచు బోధించుట చూచి యచ్చెరువందెనఁట. ఆ గ్రంథమే తరువాత దాసవ్యాపారమును ఖండించువారికి బలమైన యాయుధ మయ్యెను. అతని మెప్పు కపటము కాదు. అతని పోరాటమును వక్త యభిప్రాయమునకు లోఁబడినది కాదు.

మూఁడవవాఁడు వెస్లీ. వైట్‌ఫీల్డును సమాధిముఖమునఁ బ్రశంసించిన యితఁడే, 1772 లో బెనెజెట్టు గ్రంథమును జదివి, 1774 లో దాస్యమును ఖండించుచు నొక చిన్నగ్రంథము ప్రకటించెను. ఉష్ణదేశమునఁ దెల్లవారు పని చేయలేరను వాదమునకు అందు ననుభవపూర్వకమైన సమాధాన మిచ్చెను: జార్జియా యెండలోఁ దానును దనవారును జెట్లు నఱకితి మనియు, జర్మను కుటుంబములు సకలకృషియుఁ జేసె ననియు, ఎవ్వరికిని హాని కలుగలేదనియు వ్రాసెను. ఒకవేళ ఆ వాదమే నిజమైనను, అధర్మముచే సాగు చేయుటకంటె ఆ నేలలు బీడుగా నుండుటయే మేలని తేల్చెను. స్నేహితుని మహిమను సభలోఁ జాటినవాఁడు, స్నేహితుని వాదమును నాలుగేండ్లకే గ్రంథమున ఖండింపఁగలిగెను. ఈ రెండు కార్యములయందును వెస్లీ హృదయ మొక్కటియే యనుటకు సందేహము లేదు.

వీరికిఁ బ్రతిగా మఱియొక రీతి భక్తులు కలరు. 1775 సెప్టెంబరున క్వెబెకు దండయాత్రకుఁ బోవుచున్న సేన న్యూబరీపోర్టున విడిసినపుడు, కొందఱధికారులు వైట్‌ఫీల్డు శరీరము నుంచిన చర్చి నేలమాళిగలోనికి దిగి, శవపేటికను దెఱిపించి, అతని మెడపట్టీని ముంజేతిపట్టీలను దీసి, తునకలు చేసి పంచుకొనిరని చెప్పుదురు. ఆ దండయాత్ర 1775 డిసెంబరు తుదిని విఫల మయ్యెను. కొంతకాలమునకు నెవరో యతని చేతియెముకను గొనిపోయి యింగ్లండున నుంచుకొనఁగా, 1849 లో నది మరల సమాధికిఁ జేర్పఁబడెను. ప్రొటెస్టంటులు పూర్వపు సాధువుల యస్థిపూజను ఖండించినవారు. వారి వక్త యస్థికే ఈ గతి పట్టెను. తన పేరు నశించినను క్రీస్తు పేరు నిలిచినఁ జాలునను భావమును బ్రతికియున్ననాళ్లు పలికినవాని గుడ్డపేలికలను బంచుకొన్నవా రతని మాట విన్నట్లా, విననట్లా?

విగ్రహము కథయు నిట్టిదే. 1740 లో ఫిలడెల్ఫియాలో వైట్‌ఫీల్డు ప్రసంగములకై కట్టిన మందిరమే పిమ్మట ఫ్రాంక్లిను స్థాపించిన విద్యాశాలకు నెలవయ్యెను. ఆ సంబంధమునుబట్టి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము 1919 లో నతని కంచువిగ్రహమును నిలిపెను. దాస్యమును సమర్థించినవాఁ డను కారణమున దానిని దీసివేయ 2020 లో నిర్ణయించెను. బహిరంగస్థలమున నెవరి విగ్రహ ముండవలెనో నిర్ణయించు నధికార మాయా విద్యాలయములది. అతని దోషమును జెప్పక నిలిపిన విగ్రహ మసత్యము చెప్పుచున్నదనుటయు న్యాయమే. కాని విగ్రహమును నిలుపుటతో గుణవిచారము ముగియనట్లే, తీసివేయుటతో దోషవిచారమును ముగియదు. లుస్త్రలో దండలకుఁ దరువాత రాళ్లు వచ్చెను. నిర్దోషుఁడనుకొని కొలిచినవాఁడే దోషము కనఁబడఁగానే యావన్మాత్రమును బాఱవేయును. ఆరంభముననే మనుష్యుఁడని యెఱిఁగి మెచ్చుకొన్నవానికి దోషము దుఃఖకరమేగాని యాశ్చర్యకరము కాదు. వాఁడు గుణమును దాఁచఁడు, దోషమును దాఁచఁడు.

ఈ వివేకము వైయాకరణుల సంప్రదాయమున నెన్నఁడో స్థిరపడియున్నది. పాణినిని మహర్షిగా నర్చించుచునే కాత్యాయనుఁడు సూత్రములపై నుక్తానుక్తదురుక్తములను విచారించెను. పతంజలి యిరువురను బరీక్షించి, సూత్రమును నిలుపఁదగినచోట నిలిపి, వార్తికము నొప్పుకొనఁదగినచోట నొప్పుకొనెను. మునిత్రయమున నుత్తరోత్తరులకుఁ బ్రామాణ్య మధికమని సంప్రదాయజ్ఞులు నియమము చేసిరి. ఇందుచే పాణిని గౌరవము తగ్గలేదు. తెలుఁగున బహుజనపల్లి సీతారామాచార్యులు బాలవ్యాకరణమున మిగిలిపోయిన విషయములను గూర్చి తాను రచించినదానికిఁ ‘ద్రిలింగలక్షణశేషము’ అని పేరు పెట్టెను. పూర్వుఁడు విడిచినదానిని బూరించుటయు నతనికిఁ జేయు నర్చనమే. శాస్త్రమును బ్రేమించువాఁడు శాస్త్రకర్త పొరపాటును శాస్త్రముతోనే సరిదిద్దును; శాస్త్రకర్తకొఱకు శాస్త్రమును వంచఁడు.

వైట్‌ఫీల్డు విషయమునను ఇదే న్యాయము. అతనిని దూషించుటకు వెలుపలినుండి కొలబద్ద తేనక్కఱలేదు. ఆత్మ యందఱికి నొక్కటే యని యతఁడు బోధించిన వాక్యమే బెతెస్దా పొలములలో నతనికిఁ బ్రతికూలసాక్ష్యము చెప్పుచున్నది. ఆ వాక్యమును గ్రహించి వాడుకొన్నవారు వీట్లీయు, ఈక్వియానోయు. వక్త వాదమునే విడిచి ధర్మమును బట్టుకొన్నవాఁడు వెస్లీ. పేలికలు పంచుకొన్నవారికి దక్కినది గుడ్డ మాత్రమే. వక్త వేయిమందిని గదలింపవచ్చును, వక్త కన్నీరు నిజము కావచ్చును, వక్త బ్రతుకు త్యాగమయము కావచ్చును. ఐనను వక్త ప్రమాణము కాఁడు. తాను చూపిన ప్రమాణముచేతనే తానును గొలువఁబడవలసినవాఁడు. ఆ కొలఁతకు నిలిచినంతమేరకుఁ బ్రశంస నీయుట ధర్మము. నిలువనిచోట నిలువలేదనుట యంతకంటెఁ దక్కువ ధర్మము కాదు.